గాలి గట్టు

పూణే,
4-2-2001

అత్తకు,

వందనాలు. ఇంత లావు కవరు చూసి నా పెళ్ళి కుదిరిందేమోనని ఆత్రంగా చించి ఉంటావు. ఆ ఆశ వదులుకో. లోపల ఉన్నవి పదిహేను పోస్టుకార్డులు. అన్నిటి మీదా నా అడ్రసు నేనే రాశాను. నాకు కావలసింది మన ఊరి మట్టి కబురు.

నేనిక్కడ వాతావరణం మీద రిసెర్చి చేస్తున్నానని నీకు తెలుసు గానీ, ఏం చేస్తున్నానో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. వేసవి మధ్యాహ్నాల్లో మన తీరం మీద ఉరుములూ పిడుగులూ ఎక్కడ పుడతాయో కంప్యూటరులో చూడడం నా పని. గాలి, ఎండ, సముద్రం, కొండలు, అన్నిటినీ అంకెలు చేసి అందులో పోస్తాం. అది ఒక రోజును పొద్దుట నుంచి సాయంత్రం దాకా నడిపి చూపిస్తుంది. ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నావని మా సారు అడిగితే ఏదో పెద్ద మాట చెప్పాను. అసలు కారణం రాజరత్నం మావయ్య. పోయిన మే నెలలో ఆయన మీద పిడుగు పడినప్పుడు నేను పరీక్షల్లో ఉండిపోయాను, మట్టి వెయ్యడానికి కూడా రాలేదు. ఆ తర్వాత నుంచి ఇక్కడ ఉరిమినా నేను కిటికీ మూసి కూర్చుంటున్నాను. వాతావరణం చదువుకునే పిల్ల ఉరుముకి భయపడుతుందని ఎవరికీ చెప్పకు.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, కంప్యూటరులో ఉన్న ఉద్దానం తొంభైతొమ్మిది తుఫానుకు ముందరి ఉద్దానం. అందులో ఇంకా కొబ్బరి, జీడి, పనస దట్టంగా ఉన్నాయి. ఇప్పుడెన్ని నిలబడి ఉన్నాయో నువ్వు చూసి చెప్పాలి. ఇక రెండోది, నేలలో తడి ఎంత ఉందో. వారానికోసారి జానెడు లోతున తవ్వి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసుకు. నీళ్ళు కారితే బురద. ముద్దయి నిలిస్తే పదును. వేళ్ళ సందుల్లోంచి జారిపోతే పొడి. ఆ ఒక్క మాట కార్డు మీద రాసి పోస్టులో వేస్తే చాలు.

తవ్వే చోటు ఎవరూ తొక్కనిదీ, దున్ననిదీ, పశువులు రానిదీ కావాలి. గోపాలరావు గారి జీడితోట అయితే బాగుంటుంది, మావయ్య కాపలా ఉన్న తోట. అది ఎలాంటి చోటో నాకు తెలుసు, అడగడానికి చెయ్యి రాలేదు. నీకు కష్టమైతే డేనియల్ బావను పంపు.

నీ మేనకోడలు,
స్తుతి

~

పాతపాలెం,
18-2-2001

మేనకోడలు స్తుతికి జ్ఞానసుందరి అత్త దీవించి రాసేది.

కార్డులు అందాయి. నలభై ఏళ్ళు మిషన్ బడిలో పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నదాన్ని, ఇప్పుడు నువ్వు నా చేత మట్టి అప్పజెప్పించుకుంటున్నావు. కానీలే.

చెట్ల సంగతి అడిగావు. మన అరుగు మీద కూర్చుంటే సముద్రం చప్పుడు వినబడేది గానీ సముద్రం కనబడేది కాదు, గుర్తుందా? ఇప్పుడు కనబడుతోంది. చర్చి గేటు నుంచి ఒడ్డు దాకా నడిచి లెక్కపెట్టాను. పదింట ఏడు కొబ్బరులు లేవు. ఉన్నవాటిలో సగానికి తలల్లేవు. పనసచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. జీడి కొంత మిగిలింది, అదీ వంగిపోయి. కొత్త మొక్కలు నాటుతున్నారు, అవి మోకాలెత్తు లేవు. నీ కంప్యూటరుకి ఆ పచ్చదనం అంతా తీసెయ్యమని చెప్పు.

నీకు ఉరుమంటే భయమని రాశావు. నా సంగతి విను. మధ్యాహ్నం రెండు దాటితే నాకు ఏ పని మీదా మనసు నిలవదు. పడమట ఇంత తెల్లమబ్బు లేచిందంటే తలుపులు వేసి గడియ పెట్టి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాను. పలాసలో ఉన్న డేనియల్ కోసం ప్రాణం కొట్టుకుంటుంది. వాడి మైకుసెట్టు దుకాణం నీకు తెలుసుగా. ఎక్కడ పెళ్ళి, ఎక్కడ ప్రార్థన కూటం అన్నా చెట్టెక్కి హారను కడతాడు. ఆ ఇనప గొట్టాలూ ఆ తీగలూ చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మానెయ్యరా అంటే నవ్వుతాడు. "అమ్మా, పిడుక్కి నా అడ్రసు తెల్దులే" అంటాడు. వాళ్ళ నాన్న అడ్రసు ఎలా తెలిసింది దానికి?

శనివారం తవ్వాను. ముద్ద అయింది. పదును అని రాసి కార్డు వేశాను. ఎవరూ తొక్కని చోటే తవ్వాను, ఆ బెంగ నీకొద్దు. డేనియల్‌ని మాత్రం అటు పంపను.

అత్త,
జ్ఞానసుందరి

~

పూణే,
11-3-2001

ప్రియమైన పంతులమ్మ అత్తకు,

నాలుగు కార్డులూ అందాయి. పదును, పదును, పదును, పదును. నీ అక్షరం ఇంకా బోర్డు మీద రాసినట్టే ఉంది.

నీ మట్టితో ఏం చేస్తున్నానో చెప్పమని డేనియల్ బావ ఫోనులో అడిగాడు. నీకే చెబుతాను, వాడికి నువ్వు చెప్పు. ఎండ నేల మీద పడుతుంది కదా. నేల తడిగా ఉంటే ఆ ఎండ తడిని ఆవిరి చెయ్యడానికే అయిపోతుంది, నేల మరీ కాలదు. చెట్లున్నా అంతే, అవి నీళ్ళు తాగి ఆవిరి వదులుతుంటాయి. అదే పొడి నేల అయితే పెనంలా కాలిపోతుంది, దాని మీద గాలి వేడెక్కి పైకి పోతుంది, ఆ ఖాళీలోకి సముద్రం గాలి దూసుకొస్తుంది. అటు పడమటి నుంచి వచ్చే వడగాలి, ఇటు తూర్పు నుంచి వచ్చే సముద్రం గాలి ఒకచోట ఎదురుపడి ఆగుతాయి. ఆ ఆగిన చోటే మబ్బు నిలువుగా లేస్తుంది. ఉరుములు అక్కడే. పిడుగులూ అక్కడే.

ఇంగ్లీషులో దాన్ని లైను అంటారు. తెలుగులో ఏమనాలో తెలియక నేను గట్టు అనుకుంటున్నాను. మడికీ మడికీ మధ్య గట్టున్నట్టు, గాలికీ గాలికీ మధ్య గట్టు.

నువ్వు చెప్పినట్టు చెట్లు తీసేశాను. గట్టు ఒడ్డు నుంచి కాస్త లోపలికి జరిగింది. తర్వాత నీ పదును పోశాను. మళ్ళీ ఒడ్డుకే వచ్చి నిలబడింది, దాదాపు మన ఊరి మీదే. మార్చిలో కూడా నేలలో ఇంత తడేమిటని మొదట నేనే నమ్మలేదు. మా సారు ఒక మాటన్నారు, తాగే చెట్లు పడిపోయాయి కాబట్టి నీరు నేలలోనే మిగిలి ఉంటుందని. ఆలోచిస్తే నిజమే అనిపించింది.

ఊరి మీదే అన్నానని భయపడకు. కంప్యూటరు సంగతి నేను చెబుతున్నాను, ఆకాశం సంగతి కాదు.

స్తుతి

~

పాతపాలెం,
1-4-2001

స్తుతికి,

నీ ఉత్తరం వచ్చాక మొదటి ఆదివారమే స్త్రీల సమాజంలో చదివి వినిపించాను. తప్పయితే క్షమించు. మీ మావయ్య పోయినప్పటి నుంచి వీళ్ళకీ నిద్రలేదు. జీడిపిక్కలు ఏరే రోజులు, మధ్యాహ్నం పూట చెట్ల కింద ఉండక తప్పదు వాళ్ళకి.

గట్టు అన్నావు చూడు, దాంతో వచ్చింది తంటా. సన్యాసమ్మ లేచి, "గాలికి గట్టేటి పంతులమ్మా? ఎవుల తోటలోంచి ఎల్తాది అది?" అంది. ఇంకొకామె, "గట్టుకి ఇటేపు పిడుగు పడితే అటేపు పడదు కదేటి?" అంది. నేను నీ ఉత్తరం మళ్ళీ చదివాను. గట్టు మన ఊరి మీదే అని విన్నాక ఎవరికీ నవ్వు రాలేదు. ఇద్దరు ముగ్గురు అక్కడే ఏడ్చారు.

దానికి తోడు మొన్న గురువారం సాయంత్రం నాలుగింటికి ఉరిమింది. టెలిఫోను డబ్బాలో మంట లేచి మాడిపోయింది. తీగ మీద ఎక్కడో పిడుగు పడి అక్కడి నుంచి పాకి వచ్చిందన్నారు. ఇక ఊరికి ఫోను లేదు. ఎప్పుడు బాగుచేస్తారో తెలియదు. నేను మంచం మీద కూర్చుని లెక్కపెట్టాను, పద్నాలుగు ఉరుములు. అన్నీ పడమట నుంచే, రైలు కట్ట అవతల నుంచి. ఒక్కటీ సముద్రం వైపు నుంచి రాలేదు.

ఏటేటా మే నెలలో ఒడ్డున కొబ్బరితోటలో వేసవి కూటం పెట్టుకుంటాం కదా. ఈసారి ఒడ్డున వద్దన్నారు. అక్కడ నీడా లేదు, పైగా గట్టు. సుమ్మాదేవి స్టేషను పక్కన మన సంఘం వాళ్ళ మామిడితోట ఉంది, అక్కడ పెట్టుకుందాం, అది గట్టుకి అవతల అని తీర్మానించారు. పన్నెండో తారీకు శనివారం. పలాస దాకా బస్సులో, అక్కడి నుంచి పాసింజరులో. మైకుసెట్టు డేనియల్‌దే.

నువ్వు ఒక్క మాట రాస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. అక్కడ భయం లేదు కదా?

అత్త

~

పూణే,
12-4-2001

అత్తా,

నేను నీ ఒక్కదానికే రాశాను. సంఘంలో ఎందుకు చదివావు? నాది రిసెర్చి అత్తా, రేడియోలో చెప్పే హెచ్చరిక కాదు. మా సారుకి తెలిస్తే నన్ను ఇంటికి పంపుతారు. గట్టు అంటే నేల మీద వేసిన గట్టు కాదు. అది రోజూ కదులుతుంది, పొద్దుట ఒకచోట, సాయంత్రం ఒకచోట. దానికి ఇటు వైపు, అటు వైపు అని పంచుకుని కూర్చుంటే ఎలా?

ఇంత చెప్పాక, నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. నీ కార్డులు పోసి ఇప్పటికి పదకొండు రోజులు నడిపి చూశాను. పదకొండు రోజులూ గట్టు ఒడ్డునే ఉంది. సుమ్మాదేవి వైపు భయం తక్కువనే అనిపిస్తోంది. తక్కువ అన్నాను, లేదనలేదు.

నువ్వు చెప్పిన గురువారం కూడా నడిపాను. నాకు ఉరుములు సముద్రం వైపు వచ్చాయి, నీకు పడమట వినిపించాయన్నావు. తలుపులు వేసుకుని మంచం మీద కూర్చున్నప్పుడు దిక్కు తెలియడం కష్టం అత్తా. భయంలో చెవి కూడా తారుమారవుతుంది. ఈసారి వీలైతే బయటికి వచ్చి చూడు.

డేనియల్ బావతో చెప్పు, ఉరుము వినబడగానే మైకు ఆపి తీగలు పీకెయ్యమని.

స్తుతి

~

పాతపాలెం,
2-5-2001

పూణేలో ఉన్న స్తుతికి,

నెల రోజులుగా నీకు ఉత్తరం రాయలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

నాకు దిక్కులు తెలియవన్నావు. నీకు తూర్పు పడమరలు నేర్పింది ఎవరే? బడి ముందు ఎండలో నిలబెట్టి చేతులు చాపించి నేర్పాను. ముప్ఫయి రెండేళ్ళు కాపురం చేసిన మనిషిని ఆ చప్పుడు తీసుకుపోతే అది ఎటు నుంచి వస్తోందో నాకు తెలియదా? ఒంటి మీది వెంట్రుకకి కూడా తెలుస్తుంది. బయటికి వచ్చి చూడమన్నావు. నువ్వొచ్చి చూడు.

భయం తక్కువ అని రాశావు కాబట్టి కూటం ఏర్పాట్లు అయిపోతున్నాయి. అందరూ ధైర్యంగానే ఉన్నారు, నాకే గుబులు. డేనియల్ ఒకరోజు ముందే వ్యానులో సామాను వేసుకుని వెళ్ళి పందిరీ మైకూ చూసుకుంటాడు.

ఎండలు మండిపోతున్నాయి. నేల మీద కాలు పెట్టలేం. మన నుయ్యి అడుగంటింది, చర్చి నూతిలోనే కాస్త ఉంది. అయినా సాయంత్రం రెండు బిందెలు మోసుకెళ్ళి మీ మావయ్య దగ్గర కనకాంబరాలకు పోస్తున్నాను. ఊరంతా ఎండిపోయినా అవి మాత్రం పచ్చగా కళకళలాడుతున్నాయి, నువ్వు చూస్తే సంతోషిస్తావు. ఆయన పోయినప్పటి నుంచి ఒక్కరోజు తప్పలేదు.

కార్డు శనివారం వేశాను. పదునే.

జ్ఞానసుందరి

~

పూణే,
10-5-2001

అత్తా,

ముందు ఒక్క ప్రశ్న. నువ్వు మట్టి ఎక్కడ తవ్వుతున్నావు?

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నూతులు అడుగంటాయన్నావు, కాలు పెట్టలేనంత ఎండన్నావు, కింద పదునన్నావు. నాలుగుసార్లు చదివాను. సమాధుల తోటలోనేనా? ఎవరూ తొక్కనిది, దున్ననిది, పశువులు రానిది. ఆ జీడితోట కాకపోతే, నేను రాసిన మూడు మాటలకూ సరిపోయేది ఊళ్ళో అదొక్కటే. రోజుకి రెండు బిందెలు నువ్వు పోసే మట్టి. దాన్ని తీసుకుని నేను ఉద్దానం అంతా పరిచాను అత్తా. రెండు బిందెల తడిని ముప్ఫయి మైళ్ళు చేశాను.

నిన్ననే అంతా పొడి చేసి మళ్ళీ నడిపాను. గట్టు ఒడ్డున లేదు. మధ్యాహ్నం మూడింటికి లేచి లోపలికి వెళ్ళిపోయింది, రైలు కట్ట మీద నిలబడింది. సుమ్మాదేవి సరిగ్గా దాని కింద. నువ్వు చెప్పిన ఆ గురువారం కూడా నడిపాను. ఉరుములన్నీ పడమటే. నీ చెవి కరెక్టు. నాదే తప్పు.

తొందరలో రాస్తున్నాను, అక్షరం బాగోలేదు. ఈ ఉత్తరం పన్నెండు లోపు చేరదని తెలుసు. అందుకే ఇప్పుడే తంతి కొట్టాను. డేనియల్ బావ దుకాణానికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. తంతి అందాలి. ప్రార్థన చేస్తున్నాను.

స్తుతి

~

పలాస,
16-5-2001

స్తుతికి,

డేనియల్ బ్రతికి ఉన్నాడు. ముందు అది చదువుకో, తర్వాత మిగతాది. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నీ తంతి పన్నెండో తారీకు పొద్దుట అందింది. మేం నలభై మందిమి మూటలతో బస్సు కోసం నిలబడి ఉన్నాం. పోస్టుమాను సింహాచలం సైకిలు మీద వచ్చి చదివాడు. "లైన్ షిఫ్టెడ్, సుమ్మాదేవి నాట్ సేఫ్, స్తుతి" అని ఉందట. చదివి వాడు, "సుమ్మాదేవి కాడ రైలు పట్టాలు పక్కకి జరిగిపోనాయంట పంతులమ్మా, రైలెక్కొద్దంట" అన్నాడు.

"పూనాలో ఉన్న గుంటకి ఇక్కడి పట్టాల సంగతి ఎలగ తెలిసింది?" అని సన్యాసమ్మ అడిగింది.

"కంప్యూటర్లో సూసుంటాది" అన్నాడు.

అంతే, ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. లైను అంటే గట్టు అని నువ్వే రాశావు, అది నా బుర్రకి తట్టలేదు. రైలు వద్దు, నడిచిపోదాం అనుకున్నాం. జీడితోటల్లోంచి అడ్డదారిన బయల్దేరాం. రైలెక్కి ఉంటే పదకొండుకల్లా పందిట్లో ఉండేవాళ్ళం. ఎండకి ఆగుతూ, చంటిపిల్లల తల్లుల కోసం ఆగుతూ, మూడింటికి సగం దూరం దాటి కాస్త మాత్రమే వచ్చాం.

అప్పుడు గాలి మారింది. వెనక నుంచి సముద్రం గాలి చల్లగా వీపుకి తగిలింది. అందరూ హాయిగా ఉందన్నారు. నాకు మాత్రం నీ ఉత్తరం గుర్తొచ్చింది. తలెత్తి చూస్తే ఎదురుగా రైలు కట్ట మీద మబ్బు నిలువుగా గోడలా లేచి ఉంది, కింద నల్లగా, పైన తెల్లగా. గట్టు. నువ్వు రాసిన గట్టు, స్తుతీ. నా కళ్ళతో చూశాను. దాని కింద నా కొడుకు చెట్టు మీద హారను కడుతూ ఉంటాడు.

దారి పక్కన బడి ఉంటే అందర్నీ లోపలికి తోశాను. నేను వెళ్ళలేదు. వాకిట్లో నిలబడి డేనియల్, డేనియల్ అని అరిచాను. నాలుగైదు మైళ్ళ దూరం, ఎవరికి వినబడుతుంది? ఇద్దరు ఆడవాళ్ళు నన్ను పట్టి లోపలికి లాగారు. ఉరుములు లెక్కపెట్టడానికి నాకు అంకెలు రాలేదు.

పిడుగు మామిడిచెట్టు మీద పడింది. హారను కట్టిన చెట్టే. డేనియల్ అప్పటికే కిందికి దిగి మైకు పెట్టె దగ్గర ఉన్నాడు. విసిరేసినట్టు పడిపోయాడట. అరికాళ్ళు కాలాయి. ఎడమ చెవికి వినికిడి పోయింది, ఇక రాదన్నారు డాక్టరు. పందిరి అంటుకుని కాలిపోయింది. మా నలభై మందికి పరిచిన చాపలు బూడిదయ్యాయి. వెళ్ళి చూసి వచ్చినవాళ్ళు ఆ మాట చెప్పారు.

నీ ఉత్తరం నిన్న చేతికి వచ్చింది. ఎక్కడ తవ్వుతున్నావని అడిగావు. నువ్వు అనుకున్నదే. ఆయన సమాధి పక్కనే, కనకాంబరాల పాదులో.

నేను అబద్ధం రాయలేదు, నిజమూ రాయలేదు. మొదటి శనివారం గునపం పట్టుకుని జీడితోట దాకా వెళ్ళాను. కంచె దాటలేకపోయాను. ఆయన ఆ చెట్టు కింద అన్నం క్యారేజీ తెరిచి కూర్చుని ఉన్నప్పుడు పడిందని నీకు తెలుసుగా. ఆ చెట్టు కనబడుతుందేమోనని తల కూడా ఎత్తలేదు. అక్కడే కూలబడ్డాను. తిరిగి వస్తూ దారిలో సమాధుల తోటలో తవ్వాను. మట్టి ఎక్కడైనా మట్టే కదా అనుకున్నాను. ఆయన సమాధి దగ్గర తప్ప ఎక్కడైనా నాకు భయమే. నీళ్ళు పోస్తున్నానన్న సంగతి నాకు తెలుసు. ఇంత మట్టి నీ అంత పెద్ద కంప్యూటరుని ఏం మారుస్తుందిలే అనుకున్నాను.

నీ లైను వల్ల నలభై మంది బ్రతికారు. నా పదును వల్ల వాడి చెవి పోయింది.

జ్ఞానసుందరి

~

పూణే,
24-5-2001

అత్తా,

తప్పంతా నీ మీద వేసుకోకు. పదును అని నాలుగు కార్డులు వస్తే ఎక్కడ తవ్వావని ఒక్కసారి అడగలేదు నేను. పైగా, పడిపోయిన చెట్లు తాగని నీరు అని మా సారు ఒక కారణం చెబితే ఎంతో బాగుందనుకున్నాను. నువ్వు పడమట ఉరిమిందంటే నీ చెవిని అనుమానించాను గానీ నా అంకెల్ని అనుమానించలేదు. చదువుకున్నదాని గర్వం అది.

తంతిలో గట్టు అనే రాశాను. ఇక్కడి గుమాస్తా అది ఇంగ్లీషు మాట కాదని లైను అని మార్పించాడు. వాడు మార్చకపోతే ఏమై ఉండేదో ఆలోచించకూడదనుకుంటూనే రోజూ ఆలోచిస్తున్నాను. నువ్వు గట్టు సంగతి అర్థం చేసుకుని అందర్నీ ఇంట్లో ఉంచేదానివా, లేక బావను తీసుకురావడానికి ఒక్కదానివే రైలెక్కి పందిట్లోకి వెళ్ళేదానివా? రెండోదే చేసి ఉంటావు. నాకు తెలుసు.

ఆ పదునుతో వేసిన లెక్కలన్నీ కొట్టేశాను. మా సారుకి అంతా చెప్పాను, తిట్టలేదు. కార్డులు ఇంకో రెండు మిగిలి ఉంటాయి. వాటిని పొయ్యిలో పెట్టు. నిన్ను ఇక మట్టి అడగను. కనకాంబరాలకు మాత్రం నీళ్ళు పోయడం మానకు.

సెలవు దొరికితే జూన్‌లో వస్తాను. బావ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు.

స్తుతి

~

పాతపాలెం,
3-6-2001

నా తమ్ముడి కూతురు స్తుతికి అత్త రాసేది.

డేనియల్‌ని ఇంటికి తీసుకొచ్చాం. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నీ మీద కోపం లేదు వాడికి. "మరదలికి సెప్పు, ఇక నన్ను తిట్టాలంటే కుడిపక్కకొచ్చి తిట్టమని" అన్నాడు. నవ్వాడు గానీ నేను నవ్వలేకపోయాను.

కొత్తగా ఒకటి తెలిసింది. ఒక చెవితో చప్పుడు వినబడుతుందట గానీ ఎటు నుంచి వస్తోందో తెలియదట. మొన్న సాయంత్రం ఉరిమింది. వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను అలవాటుగా తలుపు వెయ్యబోయాను. వాడు తల అటూ ఇటూ తిప్పి, తెలియక, నా ముఖం వైపు చూశాడు. "ఎటేపమ్మా?" అన్నాడు. ఏ చెట్టెక్కినా నవ్వేవాడు, చంటిపిల్లాడిలా చూశాడు స్తుతీ. తలుపు వదిలేసి బయటికి వెళ్ళాను. ఏడాదిలో మొదటిసారి మన అరుగు మీద నిలబడి మబ్బుని చూశాను. "పడమటరా, దూరం" అన్నాను. వాడు తలూపి కూర్చున్నాడు. ఇక నేను తలుపులు వేసుకోవడానికి లేదు. వాడికి దిక్కు చెప్పాలి.

నిన్న శనివారం. కార్డులు పొయ్యిలో పెట్టమన్నావు, పెట్టలేదు. గునపం తీసుకుని గోపాలరావు గారి తోటకి వెళ్ళాను. కంచె దాటాను. భయం లేదని నీకు అబద్ధం చెప్పను, కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ చెట్టు కోసం చూశాను. లేదు. కాలిన చెట్టని పోయిన జూలైలోనే కొట్టి వంటచెరుకు చేసుకున్నారట, మోకాలెత్తు మొద్దు మిగిలింది. ఏడాది నుంచి లేని చెట్టుకు భయపడి నీకు సమాధి మట్టి పంపాను.

మొద్దు పక్కనే కూర్చుని తవ్వాను. పైన కాలిపోతోంది. జానెడు తవ్వాను, రెండు జానలు తవ్వాను. గుప్పెడు తీసి పిసికాను. అప్పుడే పడమట ఉరిమింది. లేవలేదు. చెయ్యి విప్పి చూశాకే లేచాను. మట్టి వేళ్ళ సందుల్లోంచి మొత్తం జారిపోయింది.

కార్డు ఈ కవరులోనే పెడుతున్నాను. పొడి అని రాశాను. కింద ఎప్పుడూ రాయనిది ఇంకొకటి రాశాను, మధ్యాహ్నం మూడుంపావుకి ఉరిమింది, పడమట. ఇక ప్రతి కార్డు మీదా అదీ ఉంటుంది. వాడి కోసం ఎలాగూ చూడాలి కదా, నీకూ చెబుతాను.

రెండు కార్డులు చాలవు. ఇంకో పదిహేను పంపు.

నీ అత్త,
జ్ఞానసుందరి